ముక్కు మీద గుంత, అందులో ఒక వెంట్రుక

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది పలాస దగ్గర ఒక పల్లె. నేను జీడిపప్పు ఫ్యాక్టరీలో పనికి వెళ్తాను. మా ఆయన చెన్నైలో ఉంటారు. మా పాపకి 8 నెలలు. పుట్టినప్పుడే ముక్కు మధ్యలో గుండుసూదితో గుచ్చినట్టు చిన్న గుంత ఉంది, అందులోంచి ఒక వెంట్రుక కనిపిస్తుంది. మేం పట్టించుకోలేదు. పోయిన నెల ఆ గుంతకి కొంచెం పైన శనగగింజంత వాపు వచ్చింది, ఎర్రబడి చీము కారింది. మందులు వాడితే తగ్గింది గానీ వేలు పెడితే ఇప్పటికీ గట్టిగా ఏదో తగులుతోంది. ఒక డాక్టరు గారు చూసి ‘చిన్న గడ్డేనమ్మా, సూది పెట్టి చూసి కోసేద్దాం, పది నిమిషాల పని’ అన్నారు. ఇంకో డాక్టరు గారు ‘ఎంఆర్‌ఐ తీయించేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వకండి’ అన్నారు. ముక్కు మీద గడ్డకి తలకాయ స్కాన్ ఎందుకండీ? పసిపిల్లకి మత్తు ఇస్తారట, అది తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. నేను కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం రోజు కూరగాయలు తరిగానని, అందుకే ఇలా అయిందని మా అత్త అంటోంది. ఇది కేన్సరా? తర్వాత పుట్టే బిడ్డకి కూడా వస్తుందా? తొమ్మిదో నెలలో సింహాచలంలో పుట్టువెంట్రుకలు తీయిస్తామని మొక్కుకున్నాం, అది ఆపుకోవాలా?

— పేరు వద్దన్న ఒక తల్లి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, మీ పలాస వైపు ఉద్దానంలో కిడ్నీ జబ్బులు ఎక్కువ కదా, అక్కణ్నుంచి ఉత్తరం వచ్చిందంటే కవరు చింపకముందే కిడ్నీ గురించి అనుకుంటాను. ఈసారి ముక్కు గురించి వచ్చింది. ముందు అసలు మాట చెప్పేస్తాను, మిగతాది తీరిగ్గా చదువుకోండి. రెండో డాక్టరు గారి మాట వినండి. ఎంఆర్‌ఐ చూడకుండా పాప ముక్కు మీద సూది గానీ కత్తి గానీ పెట్టనివ్వకండి. ఇది కేన్సర్ కాదు, ఆ భయం ఇప్పుడే వదిలేయండి.

మొదటి డాక్టరు గారిని తప్పుపట్టాలని నాకు లేదు. రోజంతా సెగ్గడ్డలు, మొటిమలు చూసే చోట ముక్కు మీద గడ్డ కనిపిస్తే చెయ్యి సూది వైపే పోతుంది. కానీ మీ ఉత్తరంలో ఆయన పట్టించుకోని మాటలు రెండున్నాయి. ఒకటి ‘పుట్టినప్పుడే’, రెండోది ‘ముక్కు మధ్యలో’. ఈ రెండూ కలిస్తే లెక్క మారిపోతుంది. పెద్దవాళ్లకి ముక్కు మీద వచ్చే గడ్డ వేరు, పుట్టుకతో ముక్కు నడిమధ్య ఉన్న గడ్డ వేరు. రెండో రకం చాలా అరుదు. 20 వేల నుంచి 40 వేల కాన్పుల్లో ఒకరికి ఉంటుందని పుస్తకాల్లో రాస్తారు. అందుకే చాలామంది డాక్టర్లు తమ సర్వీసంతటిలో ఒకటో రెండో చూస్తారు, కొందరు అసలు చూడరు.

‘ముక్కు మీద గడ్డకి తలకాయ స్కాన్ ఎందుకు’ అన్నారు చూశారూ, విషయమంతా ఆ ప్రశ్నలోనే ఉంది. బిడ్డ కడుపులో రెండో నెలలో ఉన్నప్పుడు ముఖం ఇంకా తయారవుతూ ఉంటుంది. మెదడుని చుట్టి గట్టి పొర ఒకటి ఉంటుంది. ఆ రోజుల్లో ఆ పొర కొస, కపాలం అడుగున ముందువైపు ఉండే చిన్న రంధ్రంలోంచి కిందికి దిగి, ముక్కు ఎముకల వెనకగా వచ్చి ముక్కు చర్మాన్ని తాకుతుంది. తర్వాత ఆ కొస వెనక్కి వెళ్లిపోతుంది, రంధ్రం మూసుకుపోతుంది. మనందరికీ జరిగేది ఇదే. నూతిలోంచి చేద తోడుతుంటే ఒక్కోసారి గట్టు నాచు తాడుకి అంటుకుని వస్తుంది కదా. అలాగే ఆ పొర వెనక్కి పోయేటప్పుడు ముక్కు చర్మం కాస్త దానికి అంటుకుని లోపలికి పోతుంది. అప్పుడు ముక్కు పైనుంచి లోపలికి చర్మంతో చేసిన సన్నటి గొట్టంలాంటి దారి ఏర్పడుతుంది. చర్మం ఎక్కడున్నా చర్మం పనే చేస్తుంది. నూనె ఊరుతుంది, పొట్టు రాలుతుంది, వెంట్రుక మొలుస్తుంది. బయటికి పోయే దారి లేక అదంతా లోపల పేరుకుంటే గడ్డ అవుతుంది, క్రిములు చేరితే చీము పడుతుంది. దీన్ని డెర్మాయిడ్ అంటారు. ముక్కు నడిమధ్య గుంత, అందులోంచి వెంట్రుక అంటే దాదాపు డెర్మాయిడ్ అనే చెప్పొచ్చు. మీ పాపకి ఉన్నది అదేనని నా అంచనా.

ఆ దారి ఎక్కడిదాకా పోయిందన్నదే మనం తెలుసుకోవాల్సింది. ఎక్కువమంది పిల్లల్లో అది ముక్కు ఎముక దగ్గరే ఆగిపోతుంది. కొందరిలో ఆ పాత రంధ్రంగుండా కపాలం లోపలికి, మెదడు పొర దాకా పోతుంది. పైన గుంత చిన్నదైతే లోపల దారి కూడా పొట్టిగా ఉంటుందన్న లెక్కేమీ లేదు. వేలు పెట్టి నొక్కి చూస్తే తెలియదు, నాలాంటి వాడు 30 ఏళ్ల అనుభవంతో చూసినా తెలియదు. దారి లోపలిదాకా ఉన్న గడ్డని పైపైన కోసి తీసేస్తే కొస లోపలే మిగిలిపోతుంది. గడ్డ మళ్లీ వస్తుంది. ఈసారి కోత మచ్చల మధ్య ఆ దారిని వెతికి పట్టుకోవడం ఏ సర్జన్‌కైనా చాలా కష్టం. అంతకంటే భయపడాల్సిందేమిటంటే, పైన చీము పట్టినప్పుడు ఆ దారి వెంబడి క్రిములు మెదడు పొరకి చేరొచ్చు. అదే మెనింజైటిస్.

డెర్మాయిడ్‌కి మరో ఇద్దరు తోబుట్టువులున్నాయి. వాటి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే సూది పెట్టొద్దని నేనింత గట్టిగా అనడానికి అసలు కారణం అవే.

నేను పీజీ చదివే రోజుల్లో బొబ్బిలి వైపు నుంచి ఒక అవ్వ నాలుగు నెలల మనవణ్ని తీసుకొచ్చింది. ‘మా గుంటడికి ముక్కు మొదట్లో మెత్తగా ఉబ్బుంది బాబూ’ అంది. రెండు కళ్ల మధ్య, కాస్త ఒక పక్కకి, రేగిపండంత వాపు. ఏదో నీటితిత్తి అనుకున్నాను. సిరంజి చేతిలోకి తీసుకున్నాను కూడా. మా ప్రొఫెసర్ గారు వెనక నుంచి వచ్చి ఒకే మాట అడిగారు: ‘ఏడిపించి చూశావా?’ నేను చూడలేదు. అవ్వ చేతుల్లోంచి బిడ్డని తీసుకునేసరికి వాడు గుక్కపట్టి ఏడ్చాడు. ఆ వాపు నా కళ్ల ముందే పెద్దదైంది. చర్మం కింద నీలంగా కనబడింది, గుండెతో పాటు కొట్టుకుంటోంది. అది నీటితిత్తి కాదు. కపాలం అడుగున మూసుకోని రంధ్రంలోంచి మెదడు పొర, దాంతో పాటు కొంత మెదడు బయటికి జారి వచ్చింది. దాన్నే ఎన్‌సెఫలోసీల్ అంటారు. ఏడ్చినప్పుడు తలలో ఒత్తిడి పెరిగి వాపు ఉబ్బుతుంది. ప్రొఫెసర్ గారు నా చేతిలో సిరంజి తీసి ట్రేలో పెట్టి ఏమీ అనకుండా వెళ్లిపోయారు. ఆయన ఒక్క నిమిషం ఆలస్యంగా వచ్చి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నా చెయ్యి చల్లబడుతుంది.

రెండో తోబుట్టువు గ్లయోమా. పేరు విని గూగుల్‌లో వెతికితే మెదడు కేన్సర్ అని చూపించి గుండె ఆగేలా చేస్తుంది, వెతకకండి. పసిపిల్లల ముక్కు దగ్గర కనిపించే గ్లయోమా కేన్సర్ కాదు. రంధ్రం మూసుకుపోయేటప్పుడు మెదడు కణజాలం కొంచెం బయటే మిగిలిపోవడం, అంతే. ఇది గట్టిగా ఉంటుంది, ఏడ్చినా పెరగదు. దాదాపు 60 శాతం ముక్కు బయట, 30 శాతం ముక్కు లోపల, మిగతావి రెండు చోట్లా ఉంటాయి. కొన్నిటికి మెదడు పొర దాకా సన్నటి తాడులాంటి లంకె ఉంటుంది. అదీ స్కాన్‌లోనే తేలాలి.

మీ పాప వాపు గట్టిగా ఉందన్నారు. ఏడ్చినప్పుడు పెరుగుతోందా అన్నది రాయలేదు. దానికోసం పాపని ఏడిపించనక్కర్లేదు, 8 నెలల పిల్ల రోజుకి నాలుగుసార్లు తనే ఏడుస్తుంది. ఆ టైములో ఫోన్‌తో వీడియో తీసి డాక్టరు గారికి చూపించండి. పెరగకపోతే డెర్మాయిడ్ అన్న నా అంచనాకి ఇంకొంచెం బలం వస్తుంది. అయినా ఎంఆర్‌ఐ అవసరం అంతే ఉంటుంది.

ఈ పేజీ చదివే మిగతా తల్లుల కోసం ఒక పక్కమాట. రెండేళ్లలోపు పిల్లలకి ఒకే ముక్కురంధ్రంలో మెత్తటి కండ కనిపిస్తే ‘పాలిప్’ అనేసి లాగించకండి. ఆ వయసులో మామూలు పాలిప్స్ దాదాపు రావు. అది లోపలికి దిగిన ఎన్‌సెఫలోసీల్ కావచ్చు. పుట్టినప్పుడు లేకుండా రెండు మూడు వారాలకి ముక్కు కొస మీద ఎర్రగా మొదలై రోజురోజుకీ పెరిగేది చాలావరకు రక్తనాళాల గడ్డ, అంటే హీమాంజియోమా. దానికి ప్రొప్రనొలాల్ అనే మందుంది, పిల్లల డాక్టరు పర్యవేక్షణలో వాడితే చాలామందికి కత్తి అవసరమే రాదు. కంటి లోపలి మూల కింద నీలంగా ఉబ్బితే కన్నీటి తిత్తి. అప్పుడే పుట్టిన బిడ్డ పాలు తాగుతుంటే నీలమైపోయి, ఏడిస్తే మళ్లీ ఎర్రబడుతుంటే ముక్కు వెనకదారి మూసుకుపోయి ఉండొచ్చు. పసిగుడ్డుకి నోటితో ఊపిరి తీసుకోవడం సరిగ్గా రాదు. అలాంటప్పుడు ఉత్తరాలు రాస్తూ కూర్చోకండి, 108కి ఫోన్ చేయండి.

ఇక ఎంఆర్‌ఐ. ఇందులో ఎక్స్‌రేలాగా రేడియేషన్ ఉండదు, పెద్ద అయస్కాంతంతో బొమ్మ తీస్తారు. ఆ దారి ముక్కు దగ్గరే ఆగిందా, మెదడు పొరని తాకిందా అన్నది దీనిలోనే బాగా తెలుస్తుంది. సీటీ స్కాన్ ఎముక చూడటానికి పనికొస్తుంది, సర్జన్ అడిగితే తీయించండి. కానీ ఏడాదిలోపు పిల్లలకి కపాలం అడుగుభాగం ఇంకా పూర్తిగా ఎముక కాకుండా మెత్తటి మృదులాస్థిగానే ఉంటుంది. సీటీలో అక్కడ ఖాళీ కనబడితే నిజంగా రంధ్రమో, ఎముక ఇంకా గట్టిపడలేదో చెప్పడం కష్టం. సీటీ చవక కాబట్టి అదొక్కటి చాలని ఎవరైనా అంటే ఈ మాట అడగండి.

మత్తు గురించి మీ భయం అర్థమైంది. ఎంఆర్‌ఐ గదిలో పెద్ద చప్పుడు, అరగంట పైనే కదలకుండా పడుకోవాలి. రెండు మూడు నెలల పసిగుడ్డులైతే కడుపునిండా పాలిచ్చి గుడ్డలో చుట్టి నిద్రపుచ్చి కూడా తీస్తారు. 8 నెలల పిల్ల అలా పడుకోదు. అందుకే పిల్లలకి మత్తివ్వడం అలవాటున్న మత్తు డాక్టరు ఉండి, వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్ పెట్టి, పాపని కనిపెట్టుకుని ఉంటారు. మీరు చేయాల్సింది కడుపు ఖాళీగా ఉంచడం. మామూలుగా తల్లిపాలు 4 గంటల ముందు, డబ్బాపాలు, ఆవుపాలు, ఉగ్గు లాంటివి 6 గంటల ముందు ఆపమంటారు. మీ మత్తు డాక్టరు చెప్పిన టైమే ఖాయం. ఏడుస్తోంది కదా అని దారిలో రెండు గుక్కలు పట్టారా, స్కాన్ ఆ రోజుకి వాయిదానే. పాపకి జలుబు, దగ్గు ఉంటే ముందే చెప్పండి. ఇంకోటి, కాళ్ల మువ్వలు, మొలతాడుకి కట్టిన బిళ్ల, మెడలో తాయెత్తు, పిన్నీసు అన్నీ ఇంటి దగ్గరే తీసేసి రండి. అయస్కాంతం ముందు మొహమాటాలుండవు. తాయెత్తు తీయడానికి అత్తగారు ఒప్పుకోకపోతే, పరీక్ష అయ్యాక మళ్లీ కట్టొచ్చని చెప్పండి.

స్కాన్‌లో దారి ముక్కు దగ్గరే ఆగిందని తేలితే ఈఎన్‌టీ సర్జన్ గానీ ప్లాస్టిక్ సర్జన్ గానీ మత్తిచ్చి ఆపరేషన్ చేస్తారు. గుంత చుట్టూ చిన్న దోసగింజ ఆకారంలో చర్మం తీసి, గడ్డని, దారిని చివరికంటా తవ్వి తీస్తారు. కొందరు ముక్కు కింద నుంచి తెరిచి చేస్తారు, మచ్చ అంతగా కనబడదు. గుంత ఉన్న చోట మాత్రం చిన్న గీత మిగులుతుంది. దారి కపాలంలోకి పోయిందని తేలితే మెదడు సర్జన్ కూడా కలవాలి, ఇద్దరూ ఒకే రోజు ఒకే టేబుల్ మీద చేస్తారు. కొన్నిసార్లు తల వెంట్రుకల లోపల కోసి నుదుటి ఎముకలో చిన్న కిటికీ తీసి చేయాల్సి వస్తుంది, కొన్నిటికి ఎండోస్కోప్ సరిపోతుంది. వినడానికి భయంగా ఉంటుంది. కానీ ఇది ముందే తెలిసి, సిద్ధమై చేసే ఆపరేషన్. తెలియకుండా మధ్యలో ఆగిపోయే ఆపరేషన్‌తో దీన్ని పోల్చకండి.

‘పిల్ల పెద్దదయ్యాక చూద్దాంలే’ అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఈ ఒక్క విషయంలో ఆ మాట వినకండి. డెర్మాయిడ్ తనంతట తాను కరగదు. పెరిగేకొద్దీ ముక్కు ఎముకని పక్కలకి తోసి ముక్కు వెడల్పు చేస్తుంది. ఒకసారి చీము పట్టింది మళ్లీ పడుతుంది. అలాగని రేపే పరిగెత్తాలని కాదు. ఇప్పుడు చీము తగ్గింది కాబట్టి ఆ వాపు పూర్తిగా చల్లారనిచ్చి, స్కాన్ చూసి, సర్జన్ చెప్పిన తేదీకి వెళ్లండి. ఈలోపు మళ్లీ ఎర్రబడితే ఇంట్లో నొక్కి చీము తీయడం, పసరు కట్టడం, చురక పెట్టడం లాంటివి వద్దు. డాక్టరు గారు ఇచ్చిన యాంటీబయాటిక్ కోర్సు మధ్యలో ఆపొద్దు. స్నానం పోసేటప్పుడు ముక్కు నొక్కి తీర్చే అలవాటు మన ఇళ్లలో ఉంది. అత్తగారు ఆ పని చేస్తుంటే ఈరోజుతో ఆపించండి. ఆ వెంట్రుకని పీకొద్దు, కత్తిరించొద్దు.

పాపకి జ్వరంతో పాటు వాంతులు, మగతగా పడి ఉండటం, పాలు తాగకపోవడం, మాడు ఉబ్బడం, ఫిట్స్, ఎత్తుకుంటేనే కీచుమని ఏడవడం, ఒక ముక్కురంధ్రంలోంచి నీళ్లలాంటి ద్రవం చుక్కచుక్కగా కారడం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా తెల్లారేదాకా ఆగకండి. ‘ముక్కు నడిమధ్య పుట్టుకతో గడ్డ ఉంది’ అని క్యాజువాల్టీలో అందరికంటే ముందు చెప్పండి.

ఎక్కడికి వెళ్లాలి? శ్రీకాకుళం రిమ్స్‌లో ఈఎన్‌టీ ఓపీకి వెళ్లి చూపించుకుని, రిఫరల్ కాగితం రాయించుకోండి. ఆపరేషన్ మాత్రం ఈఎన్‌టీ, మెదడు సర్జన్, పిల్లల మత్తు డాక్టరు ముగ్గురూ అందే చోటే జరగాలి. మనకి అది విశాఖపట్నం. కేజీహెచ్‌లో మెదడు సర్జరీ, ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి, ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి విశాఖలోనే వేరేగా ఉంది. పలాస నుంచి రైలు సౌకర్యం ఉంది కాబట్టి బస్సులో పాపని నలపకండి. రేషన్ కార్డు, ఆధార్, పాప పుట్టిన సర్టిఫికెట్, పాత చీటీలు అన్నీ ఒక కవర్లో పెట్టుకోండి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద వస్తుందా అని ఆసుపత్రిలోని మిత్ర కౌంటర్‌లో అడ్మిషన్‌కి ముందే అడగండి, తర్వాత కాదు. అంగన్‌వాడీకి వచ్చే పిల్లల ఆరోగ్య పరీక్షల బృందానికి కూడా చూపించండి. పుట్టుకతో వచ్చే లోపాలున్న పిల్లల్ని పై ఆసుపత్రికి పంపడం వాళ్ల పనే, ఆశా కార్యకర్తని అడిగితే ఏ రోజు వస్తారో చెబుతుంది. సర్జన్‌ని కలిసినప్పుడు ఒక్క ప్రశ్న మాత్రం మరిచిపోకుండా అడగండి: ‘ఒకవేళ దారి లోపలికి ఉందని ఆపరేషన్ టైములో తేలితే మీ దగ్గర మెదడు సర్జన్ ఉన్నారా?’ మంచి సర్జన్ ఈ ప్రశ్నకి కోపగించుకోరు.

గ్రహణం సంగతి. పెదవి చీలికకి ‘గ్రహణం మొర్రి’ అని మన భాషలోనే పేరు పెట్టేసుకున్నాం, ఇక అత్తగారినేమంటాం! గ్రహణం పట్టింపులు లేని దేశాల్లో, గ్రహణం కనబడని ఏడాదిలో పుట్టిన పిల్లలకీ ఇది వస్తోంది. పైన చెప్పినట్టు ఆ రంధ్రం సంగతంతా రెండో నెల నాటిది. అప్పటికి చాలామంది ఆడవాళ్లకి కడుపని కూడా సరిగ్గా తెలియదు. మీరు తరిగిన కూరగాయలకీ దీనికీ సంబంధం లేదు. అత్తగారికి ఇది చదివి వినిపించండి. కానీ నెగ్గాలన్నట్టు మాత్రం చదవకండి. రేపు ఆసుపత్రిలో పాపని ఒళ్లో పెట్టుకుని కూర్చునేది ఆవిడే.

తర్వాతి బిడ్డకి వస్తుందా అన్నారు. డెర్మాయిడ్ చాలావరకు ఒక్కరికే, ఒక్కసారే వస్తుంది. ఒకే ఇంట్లో ఇద్దరికి రావడం బాగా అరుదు. అయినా ఫోలిక్ యాసిడ్ మాత్ర మళ్లీ బిడ్డ కావాలనుకున్నప్పటి నుంచే, అంటే కడుపు నిలవక ముందు నుంచే వేసుకోండి. అది ఈ డెర్మాయిడ్ కోసం కాదు, వెన్నుపూస, మెదడు లోపాలు రాకుండా ప్రతి ఆడపిల్లా వేసుకోవాల్సిందే. మొదటి బిడ్డకి ఎన్‌సెఫలోసీల్ ఉన్న తల్లులకి డోసు చాలా ఎక్కువ కావాలి, వాళ్లు డాక్టరుతో మాట్లాడే వేసుకోవాలి.

సింహాచలం మొక్కు ఆపనక్కర్లేదు. ముక్కు మీద ఎరుపు, చీము లేకుండా ఉంటే చాలు. ఎలాగూ స్కాన్ కోసం విశాఖ వెళ్తారు కదా, రెండూ ఒకే ప్రయాణంలో పెట్టుకోండి. స్కాన్ ముందు రోజు మాత్రం వద్దు, కొండ మీద అలిసిపోయి జలుబు చేస్తే మత్తు డాక్టరు వెనక్కి పంపేస్తారు. స్కాన్ అయిన మర్నాడు స్వామి దగ్గరికి వెళ్లండి. కేశఖండనశాలలో కత్తి పట్టుకునే ఆయనకి ముందే చెప్పండి: తలవరకే, కనుబొమల కిందికి కత్తి రాకూడదు, ముక్కు మీద ఆ ఒక్క వెంట్రుకని ఎవరూ ముట్టుకోకూడదు.